ఎనిమిదో అర

అస్థికలు ఇక దొరకవని తెలిసిన రోజు మధ్యాహ్నం, ఆ తెల్లరాతి కలశం ఓన్ మే వంటింటి బల్లమీద ఖాళీగా ఉంది.

దాన్ని అక్కడ పెట్టింది యీ-రూ, కోడలి అక్క. చప్పుడు కాకుండా పెట్టింది. పగిలేంత చప్పుడైనా బాగుండేదనిపించింది ఓన్ మేకి.

“మీరే చెప్పారట కదా ఆంటీ,” అంది యీ-రూ. “తీసుకెళ్ళం, తోటలో కలిపేయండని. దహనవాటిక ఆఫీసులో కాగితం చూపించారు. సంతకం మీదే.”

“నాదే.”

“అంతేనా?”

ఓన్ మే టీ కప్పులు ముగ్గురి వైపూ జరిపింది. ఎవరూ ముట్టుకోలేదు. వియ్యంకుడు చియెన్ గారు ప్లాస్టిక్ కుర్చీ అంచున కూర్చుని, చేతులు మోకాళ్ళమీద పెట్టుకుని, కలశాన్ని తప్ప దేన్నీ చూడడం లేదు. కోడలు యీ-చెన్ గుమ్మం దగ్గరే నిలబడిపోయింది. చెప్పులు విప్పింది గాని లోపలికి రాలేదు. పిల్లవాణ్ణి తీసుకురాలేదు.

ఓన్ మే కొడుకు తిహా పోయి ఇది ఏడో వారం. తైవాన్ వాళ్ళు పోయినవాళ్ళకి వారం వారం పూజ చేయించి, ఏడో వారం అస్థికల్ని గుళ్ళో ఒక అరలో దాస్తారు. ఆ పొద్దున ముగ్గురూ నల్లబట్టలు వేసుకుని, కలశం పట్టుకుని దహనవాటికకి వెళ్ళారు. అక్కణ్ణుంచి తిన్నగా ఇక్కడికే వచ్చారు.

“ఏ మొక్క దగ్గర కలిపారని అడిగాం,” అంది యీ-రూ. “విడిగా చెప్పలేరట. రోజా మడి మొత్తం అంతేనట. మా చెల్లెలు ఏ మొక్క ముందు దణ్ణం పెట్టుకోవాలో తెలీక మడి చుట్టూ తిరిగింది. తోటమాలి వచ్చి, నీళ్ళు పడతాను, కాస్త పక్కకి జరగమ్మా అన్నాడు.”

“యీ-రూ,” అన్నాడు చియెన్ గారు.

“ఏం నాన్నా, అబద్ధమా?”

ఆయన మళ్ళీ కలశం వైపు చూశాడు.

“మా బర్మా వాళ్ళలో తీసుకోరు,” అంది ఓన్ మే. తరగతిలో చెప్పినట్టు నెమ్మదిగా, ఒక్కో మాటా విడదీసి చెప్పింది. “దహనం అయ్యాక వెనక్కి తిరిగి చూడం. మా ఆయనవీ తీసుకోలేదు. మా అమ్మవీ తీసుకోలేదు. ఆఫీసులో అమ్మాయి అడిగింది, తీసుకెళ్తారా, తోటలో కలపమంటారా అని. తోటలో అన్నాను.”

“ఎంతసేపు ఆలోచించారు?”

అడిగింది యీ-చెన్. వచ్చిన దగ్గర్నుంచి అదే మొదటి మాట.

“ఆలోచించలేదమ్మా.”

యీ-చెన్ తల ఊపింది. ఆ జవాబు ముందే తెలిసినట్టు ఊపింది.

“ఇంకో మాట అడుగుతాను, ఏమనుకోకండి,” అంది యీ-రూ. “తోటలో కలపడం ఊరికే చేస్తారు. కలశం కావాలంటే డబ్బవుతుంది. ఆ ఆలోచన కూడా ఉందా అందులో?”

ఓన్ మే వెంటనే లేదనబోయింది. అనలేకపోయింది. ఆ రోజు ఆఫీసు బల్లమీద కలశాల బొమ్మల అట్ట ఒకటి ఉంది. బొమ్మ కింద ధర ఉంది. తను ఆ అట్ట చూశాక తోటలో అందా, తోటలో అన్నాక అట్ట చూసిందా? ఎంత వెతికినా ఆ వరస దొరకడం లేదు. ముప్పై ఏళ్ళు పిల్లలకి ఏది ముందో ఏది తర్వాతో నేర్పిన మనిషికి, తన కొడుకు విషయంలో ఏది ముందో గుర్తు రావడం లేదు.

ఆ మౌనాన్ని యీ-రూ తనకి కావలసినట్టు తీసుకుంది. “నాకు తెలుసు,” అంది.

“నీకేం తెలీదు,” అన్నాడు చియెన్ గారు. అని, ఓన్ మే వైపు తిరిగాడు. “వదినగారూ, మీరు కలశమూ కొనక్కర్లేదు, అరా కొనక్కర్లేదు. అర ఎప్పుడో కొన్నాను. మీకు తెలీదా?”

“తెలీదు.”

“తిహా చెప్పలేదా?”

“చెప్పలేదు.”

ఆయన ఎవరినో ఒప్పించాలన్నట్టు కాకుండా, ఊరికే చెప్పుకుపోయాడు. పిల్లల్నీ భార్యనీ ఈ ఊళ్ళో దింపి, ఇల్లు కొనిచ్చి, తను వ్యాపారం కోసం వెనక్కి వెళ్ళిపోయాడట. పాతికేళ్ళు ఆయన అక్కడ, వాళ్ళు ఇక్కడ. ఏడాదికి రెండుసార్లు చుట్టంలా వచ్చేవాడట. ఒకసారి చిన్నది తలుపు తీసి, లోపలికి కేకేసిందట, అమ్మా ఎవరో వచ్చారని.

“అందుకే కొన్నాను. గుడి వెనక మేడలో, ఒకే గోడలో, ఎనిమిది అరలు. మా అమ్మానాన్నల్ని విమానంలో ఒళ్ళో పెట్టుకుని తెచ్చి రెండింట్లో పెట్టాను. మిగతావి మా ఇద్దరికీ, పిల్లలిద్దరికీ, అల్లుళ్ళిద్దరికీ. బతికున్నప్పుడు ఎలాగూ ఒక చోట లేం. ఎనిమిదోది మీ అబ్బాయిది. పెళ్ళైన వారమే తీసుకెళ్ళి చూపించాను.”

“ఏమన్నాడు?” అంది ఓన్ మే.

“నవ్వాడు. మామయ్యా, మా వాళ్ళకి బతికుండగా సొంత గది ఉండదు, నాకు చచ్చాక కిటికీ పక్క సీటు ఇచ్చారే అన్నాడు.”

గుమ్మం దగ్గర యీ-చెన్ ముఖం పక్కకి తిప్పుకుంది.

ఆ మాట కొడుకుదే. వేరెవరూ అలా అనరు. ఆ సంగతి తనకెందుకు చెప్పలేదో కూడా ఓన్ మేకి అర్థమైంది. తల్లి అద్దె ఇంట్లో, వాన పడితే మూల కారే గదిలో పడుకుంటుంటే, నాకు చావుకి చోటు దొరికిందమ్మా అని ఏ కొడుకు చెబుతాడు? మొహమాటపడి ఉంటాడు. పెంచింది తనే కదా.

“పోనీ, వాడి బట్టలేవైనా ఇవ్వండి,” అన్నాడు చియెన్ గారు. “సముద్రంలో పోయినవాళ్ళకి, శరీరం దొరకని వాళ్ళకి మావాళ్ళు బట్టలు పెడతారు. ఒక చొక్కా చాలు.”

ఓన్ మే లేచి నిలబడింది. ఎందుకు లేచిందో ఆమెకే తెలీదు. అల్మరాలో ఏమీ లేదు.

“ఏడో రోజు దానం ఇచ్చేశాను.”

“అన్నీనా?” అంది యీ-రూ.

“అన్నీ. కొత్తగా వచ్చినవాళ్ళకి.”

“బూట్లు?”

“బూట్లు కూడా.”

యీ-రూ నవ్వింది. నవ్వు కాదది. “ఇదేం మనుషులు ఆంటీ మీరు? ఒక మనిషిని ఇంత శుభ్రంగా తుడిచేస్తారా?”

చియెన్ గారు తమ భాషలో ఏదో కటువుగా అన్నాడు. యీ-రూ బయటికి వెళ్ళి కారు దగ్గర నిలబడింది.

అప్పుడు యీ-చెన్ లోపలికి వచ్చింది. అత్తగారి ఎదురుగా కూర్చుంది. “అమే,” అంది, తిహా తల్లిని పిలిచినట్టే. “నేను బాలింతని కదా. పుట్టింట్లో నెల్లాళ్ళు గదిలోంచి కదలనివ్వలేదు. కిటికీ తీయనివ్వలేదు. ఏడిస్తే కళ్ళు పోతాయని అమ్మ ఏడవనివ్వలేదు. నువ్వుల నూనెలో కోడి వండి పెడితే తిన్నాను, పాలు రావాలి కదా. అంత్యక్రియలకి నువ్వు రావద్దు, అత్తగారు చూసుకుంటారు అన్నారు. సరేనన్నాను. ఆ నెలంతా ఒక్కటే అనుకున్నాను. బయటికొచ్చాక వెళ్ళి ఏడుస్తాను. అక్కడ ఉంటాడు కదా, ఎక్కడికి పోతాడు అని.”

ఓన్ మే ఆమె చెయ్యి పట్టుకోబోయింది. యీ-చెన్ విదిలించుకోలేదు గాని, చెయ్యి మడిచి ఒళ్ళో పెట్టుకుంది.

“ఒక్క ఫోన్ చేయాల్సింది.”

“బాలింతని కదిలించకూడదనుకున్నాను.”

“కదిలించాల్సింది.”

కప్పుల్లో టీమీద తెట్టు కట్టింది.

చియెన్ గారు లేచాడు. గుమ్మం దాకా వెళ్ళి, అక్కడ ఆగి, చెప్పడానికి వచ్చిన అసలు సంగతి అదేనన్నట్టు చెప్పాడు. “పిల్లవాడి పేరు నమోదుకి వచ్చే శుక్రవారం ఆఖరు. మా ఇంటిపేరు పెడదామనుకుంటున్నాం. నాకిద్దరూ ఆడపిల్లలే. పేరు కూడా మా పెద్దాయన ఒకరు జాతకం చూసి ఇచ్చారు.”

“రెండు పేర్లూ పెడదామనుకున్నాం కదా అన్నయ్యగారూ. మీదొకటి, మాదొకటి.”

“అనుకున్నాం. అప్పుడు తిహా ఉన్నాడు.” ఆయన చెప్పు కోసం కాలితో వెతికాడు. “మీలో ఇంటిపేర్లు లేవు. కాబట్టి మీది తీసేసినట్టు కాదు. అస్థికలుంటే నేను ఈ మాట ఎత్తేవాణ్ణి కాను వదినగారూ. రేపు వాడు, మా నాన్న ఏడీ అంటే తీసుకెళ్ళి చూపించడానికి ఒక చోటుండేది. ఇప్పుడు తండ్రి వైపు నుంచి వాడికి ఏముంది?”

ఆయన జవాబు కోసం ఆగకుండా చెప్పు తొడుక్కున్నాడు.

“కలశం,” అంది ఆమె.

“ఉండనివ్వండి. ఖాళీది ఇంటికి తీసుకెళ్ళకూడదు.”

*

పక్క వాటా మ చో గోడకి చెవి ఆనించి విన్నట్టుంది. కారు మలుపు తిరగకముందే వచ్చేసింది. ఇద్దరూ ఒకే వృద్ధాశ్రమంలో దుప్పట్లు ఉతికే పని చేస్తారు. తమ ఊళ్ళో బడి చెప్పినందుకు ఇక్కడి బర్మా వాళ్ళందరూ ఓన్ మేని సయామా, అంటే పంతులమ్మా అనే పిలుస్తారు. మ చో కూడా అలాగే పిలుస్తుంది, తిట్టేటప్పుడు కూడా.

“నోట్లో నాలుక లేదా సయామా? ఆ పెద్దపిల్ల అన్ని మాటలంటే కూర్చుని వింటావా?”

“అబద్ధం ఏమంది?”

“డబ్బుకోసమా అంది. మనం డబ్బు కోసం కాదు, డబ్బు లేక. రెండూ ఒకటేనా?” మ చో కలశం మూత ఎత్తి లోపలికి చూసి మళ్ళీ పెట్టింది. “మా ఫ్రిజ్ కంటే ఖరీదుంటుంది ఇది.”

“ముట్టుకోకు.”

“ముట్టుకుంటే అరిగిపోతుందా?” మ చో కుర్చీ లాక్కుని, చియెన్ గారు ముట్టని టీ తాగేసింది. “వాళ్ళు విమానం ఎక్కకముందే ఇక్కడ ఇల్లు కొన్నారు. చావకముందే అక్కడ గూడు కొన్నారు. మనం శరణార్థి శిబిరం నుంచి ప్లాస్టిక్ సంచి పట్టుకుని దిగాం. ఆ సంచి మీద మన పేర్లు కూడా తప్పు రాశారు. ఇంక వాళ్ళకీ మనకీ పోలికేంటి? వాళ్ళ ముసలాయన చాలా కష్టపడ్డాడంటావు. పడ్డాడు. మా ఆయన పడలేదా? ఆయన కష్టానికి ఎనిమిది అరలు వచ్చాయి. మా ఆయన కష్టానికి నడుంనొప్పి వచ్చింది.”

మరో రోజైతే ఓన్ మే నవ్వేది.

తిహా, యీ-చెన్ కలిసింది కూడా ఇలాంటి పోలికల దగ్గరే. సంఘభవనంలో ఎవరో ఉద్యోగి గోడమీద గీతలు చూపించి, ఏ దేశం నుంచి వచ్చినవాళ్ళలో ఎంతమందికి సొంత ఇళ్ళున్నాయో చెబుతున్నాడు. తైవాన్ వాళ్ళ గీత పైకప్పు దాకా ఉంది. బర్మా వాళ్ళది నేలకి రాసుకుంటోంది. తిహా పక్కనున్న పిల్లవైపు వంగి, మీ గీత నీడలో మావాళ్ళందరం బస్సు కోసం నిలబడొచ్చు అన్నాడట. ఆ పిల్ల పగలబడి నవ్విందట. ఇంటికొచ్చి ఆ కథ చెప్పి, తన మాటకి తనే మళ్ళీ నవ్వాడు.

పెళ్ళయ్యాక తిహా ఈ ఇంట్లోనే కాపురం పెట్టాడు, మామగారు తన టీ కొట్లలో ఒకటి చూసుకోమంటే వద్దన్నాడు. పిల్లవాడు పుడుతున్నాడని మాంసం ఫ్యాక్టరీలో రెండో షిఫ్టు కూడా ఒప్పుకున్నాడు. పిల్లవాడు గురువారం పుట్టాడు. శనివారం తెల్లవారుజామున పని దిగి వస్తూ, మామగారిచ్చిన కారు స్టీరింగ్ మీదే నిద్రపోయాడు. ఆ గీత కాస్త పైకి జరుపుదామనుకున్నాడు. ఓన్ మే అలా అనుకుంటుంది గాని ఎవరితోనూ అనదు.

“ఆ బట్టలు,” అంది ఓన్ మే. “ఎవరెవరికి వెళ్ళాయో నీకు తెలుసా?”

మ చో కప్పు దించింది. “దానం ఇచ్చింది అడుగుతావా?”

“తెలుసా?”

“బూట్లు మ మూ వాళ్ళ ఆయనకి ఇచ్చారు. మిగతావి చెదిరిపోయాయి.” ఆమె గొంతు తగ్గించింది. “వద్దు సయామా. ఇచ్చింది వెనక్కి అడిగితే కొడుక్కి చేరిన పుణ్యం కూడా పోతుంది. ఈ మాట మాకు చెప్పింది నువ్వే.”

“నేనే,” అంది ఓన్ మే. గొడుగు తీసుకుని బయల్దేరింది.

*

మ మూ వాళ్ళ ఇల్లు రెండు వీధుల అవతల. వచ్చి మూడు నెలలు కాలేదు. ఒక్క ఇంట్లో రెండు కుటుంబాలు.

బూట్లు గుమ్మం పక్కనే ఉన్నాయి. కడిగి, పాత పేపరు ఉండలు కుక్కి, ఎండలో పెట్టారు. ఎడమ బూటు మడమ లోపలి వైపు అరిగి ఉంది. తిహా చిన్నప్పుడు శిబిరంలో రబ్బరు చెప్పు కూడా అలాగే అరగదీసేవాడు. ఓన్ మే నిలబడి ఆ అరుగుదల చూసింది.

“సయామా, మీరా? రండి రండి,” మ మూ తలుపు తీసి, చెయ్యి లుంగీకి తుడుచుకుంది. “మెల్లగా రండి, ఆయన ఇప్పుడే పడుకున్నాడు. రాత్రి పని.”

“పని దొరికిందా?”

“దొరికింది. మీ పుణ్యమే. మాంసం ఫ్యాక్టరీలో. ముందు తీసుకోం అన్నారు. ఇనుప ముక్కు బూట్లుంటే రమ్మన్నారు. ఎక్కణ్ణుంచి తెస్తాం? సరిగ్గా అప్పుడే ఇవి వచ్చాయి.” మ మూ రెండు చేతులూ జోడించింది. “మీ అబ్బాయి పేరు చెప్పుకుని రోజూ దీపం పెడుతున్నాం సయామా. కొలత కూడా సరిపోయింది. ఒక్క సైజు పెద్ద, అంతే.”

లోపల మగమనిషి గురక వినిపిస్తోంది.

“ఏదో చెప్పాలని వచ్చినట్టున్నారు?”

“ఏం లేదు,” అంది ఓన్ మే. “ఆయనకి చెప్పు. తెల్లవారుజామున బండి నడపొద్దని. బస్సులో రమ్మను.”

“బండెక్కడిది సయామా,” అని నవ్వింది మ మూ. “నడిచే వస్తాడు.”

అన్నం తిని వెళ్ళమంది. ఓన్ మే తర్వాత వస్తానంది. వీధి మలుపు తిరిగేదాకా వెనక్కి చూడలేదు. తమలో చూడరు.

*

ఇంటిముందు యీ-చెన్ కారు ఉంది.

ఒంటరిగా వచ్చింది. మెట్టుమీద కూర్చుని పిల్లవాణ్ణి ఒళ్ళో ఊపుతోంది. పొద్దు వాలుతోంది. అత్తగారిని చూసి లేచింది.

“పాల డబ్బా కొనుక్కొస్తానని చెప్పి వచ్చాను,” అంది. “ఎక్కువసేపు ఉండలేను.”

పిల్లవాడు ఆ ఇంట్లో అడుగుపెట్టడం అదే మొదటిసారి. ఓన్ మే తాళం తీసి పక్కకి తప్పుకుంది. ముందు వాళ్ళు వెళ్ళాలి. వెళ్ళాక తను వెళ్ళింది. వాణ్ణి ఎత్తుకోవడానికి అడగలేదు. యీ-చెన్ తనే అందించింది.

వాడు కళ్ళు మూసుకునే ఉన్నాడు. నుదుటిమీద తిహాకున్నట్టే జుట్టు పక్కకి తిరిగి ఉంది. ఓన్ మే ఎంతోమంది పిల్లలకి పేర్లు పెట్టింది, శిబిరంలో సగం మందికి. పుట్టిన వారాన్ని బట్టి అక్షరం చూసి పెడతారు. గురువారం పుట్టినవాడికి మ, ఫ. ‘మ్యత్ ఫ్యో’ అనుకుంది. తిహా అసలు పేరు ఫ్యో తిహా. నా పేరులోంచి ఒక ముక్క వాడికి ఇవ్వమ్మా అన్నాడు. ఇల్లు లేదు, ఇంటిపేరు లేదు, ఇవ్వగలిగింది ఆ ఒక్క ముక్క.

“బూట్లు దొరికాయా?” అంది యీ-చెన్.

ఓన్ మే తలెత్తింది.

“మ చో అక్క చెప్పింది. మీరు అడగడానికి వెళ్ళారని.”

“వాటితో ఒకతను పనిలోకి వెళ్తున్నాడు.”

యీ-చెన్ ఆ మాట దిగమింగుకుంది. బల్ల దగ్గర కూర్చుని కలశం మూతమీద వేలితో రాసింది. “ఏదైనా సరే అమే. దువ్వెనలో వెంట్రుక. చిన్నప్పటి పలక. ఏదైనా.”

ఓన్ మే చాలాసేపు నిలబడింది. పిల్లవాణ్ణి తల్లికి ఇచ్చి, గదిలోకి వెళ్ళి, అల్మరా తలుపు తీసింది. తన లుంగీల మడతల కింద చెయ్యి పెట్టి, తెల్లగుడ్డలో చుట్టినదాన్ని తెచ్చి బల్లమీద విప్పింది.

ఎండిన జామాయిల్ కొమ్మ. జానెడు. ఆకులు రాగి రంగుకి తిరిగాయి. గది అంతా ఆ వాసన వచ్చింది.

“దహనవాటిక బయట చెట్టుకి విరిచాను,” అంది. “మాలో అలా చేస్తారు. పోయినవాళ్ళు దారి తెలీక అక్కడే తిరుగుతారు. పేరు పెట్టి పిలిచి, కొమ్మ విరిచి, ఇంటికి తెచ్చుకుంటాం. తిహా, పద ఇంటికెళ్దాం అన్నాను. మ చో కారులో ఒళ్ళో పెట్టుకుని తెచ్చాను. ఏడు రోజులు వాడి మంచంమీద ఉంచాను. ఏడో రోజు భిక్షువులకి అన్నం పెట్టి, నాయనా ఇంక వెళ్ళు, మా గురించి చూడకు అని చెప్పి కొమ్మని పారేయాలి.”

“చెప్పలేదా?”

“చెప్పాను. నలుగురిలో గట్టిగానే చెప్పాను.” ఓన్ మే గుడ్డ అంచు సరిచేసింది. “పారేయలేదు.”

యీ-చెన్ ఒక ఆకుని వేలితో తాకింది.

“అయితే ఇక్కడే ఉన్నాడా?” యీ-చెన్ గుసగుసగా అడిగింది.

“ఉండకూడదు.”

“ఉన్నాడా?”

ఓన్ మే రాలిన ఆకొకటి ఏరి గుడ్డమీద పెట్టింది.

యీ-చెన్ ఏడవడం మొదలుపెట్టింది. చప్పుడు లేకుండా, పిల్లవాడు లేవకుండా ఏడ్చింది. ఓన్ మే ఆపమనలేదు. కళ్ళు పోతాయని చెప్పడానికి ఈ ఇంట్లో ఎవరూ లేరు.

“ఇది నాకిస్తావా అమే?” అంది కొంతసేపటికి. మీరు అనడం మర్చిపోయింది. “ఎనిమిదో అరలో పెడతాను.”

“పెట్టి తాళం వేస్తారు.”

“వేస్తారు.”

“వాడు వెళ్ళలేడు. మళ్ళీ పుట్టలేడు. ఆ గోడలోనే ఉండిపోతాడు.”

“ఉండిపోతే నాకు మంచిదే కదా,” అంది యీ-చెన్. అని, ముఖం తుడుచుకుంది. “వాడికి ఆరేళ్ళొచ్చాక తీసుకెళ్ళి, ఇదిగో మీ నాన్న అని చూపించాలి. తోటమాలి నీళ్ళు పడుతుంటే పక్కకి జరగమన్న చోటు చూపించలేను.”

ఓన్ మే కొమ్మమీద చెయ్యి పెట్టింది. తీసుకోలేదు, ఇవ్వలేదు.

“నాన్నతో నేను మాట్లాడతాను,” అంది యీ-చెన్, తల దించుకుని. “పేరు గురించి. అరలో ఇది ఉంటే గట్టిగా అడగగలను. వీడి తండ్రి మన గోడలో ఉన్నాడు, పేరులో ఆయన ముక్క ఉండాలి అని. ఖాళీ అర పెట్టుకుని అడగలేను. నాన్న చెడ్డవాడు కాదు. ఆయనకి చేతిలో ఏదో ఒకటి పెట్టాలి, అంతే.”

ఆగింది. తనన్న మాట తనకే వినిపించినట్టుంది.

“బేరం ఆడుతున్నానా?”

“లేదమ్మా.”

“ఆడుతున్నాను.”

తిహాకి ఆ కారిచ్చిన వియ్యంకుడి మీద, బాలింత గదికి కిటికీ మూసిన వియ్యపురాలి మీద, మాటలన్న యీ-రూ మీద కోపం తెచ్చుకుంటే తేలికగా ఉండేది. ఓన్ మేకి ఎవరిమీదా రాలేదు. వాళ్ళకి చోటుంది, కొడుకు లేడు. తనకి కొడుకున్నాడేమో, చోటు లేదు. ఈ కొమ్మ ఇస్తే మనవడి పేరులో ఫ్యో ఉంటుంది, ఫ్యో మాత్రం గోడలో ఉంటాడు. పారేస్తే కొడుకు వెళ్తాడు, మనవడు చియెన్ వారి పిల్లవాడై, ఎప్పుడైనా పండగకి వచ్చి, ఈ ముసలావిడ ఎవరని అడుగుతాడు. దాచుకుంటే ఎవరికీ ఏమీ లేదు. ఇప్పటిదాకా చేసింది అదే.

యీ-చెన్ ఫోను మోగింది. తెరమీద అక్క పేరు. ఎత్తలేదు. మోగి మోగి ఆగింది.

పిల్లవాడు లేచి ఏడుపు మొదలుపెట్టాడు. యీ-చెన్ సంచిలో పాలసీసా వెతుకుతుంటే ఓన్ మే ఎత్తుకుంది. భుజంమీద వేసుకుని, గదిలో అటూ ఇటూ నడిచింది. ఏదో ఒక పేరుతో పిలవబోయి ఆగింది.

“పిలవండి,” అంది యీ-చెన్. “ఏమనుకున్నారో ఆ పేరుతోనే పిలవండి. ఇక్కడెవరూ లేరు.”

“పెట్టని పేరుతో పిలవకూడదు,” అంది ఓన్ మే. “అలవాటైపోతుంది.”

అలవాటయ్యేది వాడికో, తనకో చెప్పలేదు.

మళ్ళీ ఫోను మోగింది. ఈసారి చియెన్ గారు. యీ-చెన్ పిల్లవాణ్ణి అందుకుని, చెప్పులు వేసుకుని, గుమ్మంలో నిలబడింది. “గురువారం సాయంత్రం వస్తాను,” అంది. “శుక్రవారం నాన్న కాగితం ఇచ్చేస్తాడు.”

కారు వెళ్ళిపోయింది. మ చో వాటాలో వంట చప్పుడు ఆగింది. వింటోందని తెలుసు. రాలేదు.

ఓన్ మే దీపం వేయకుండా బల్ల దగ్గర కూర్చుంది. కలశం మూత తీసి పక్కన పెట్టి ఉంది. దాని పక్కన తెల్లగుడ్డమీద కొమ్మ ఉంది. కొమ్మని కలశంలో పెట్టలేదు. బయట పారేయలేదు. పిల్లవాడికి ఇంకా పేరు పెట్టలేదు.